కోటమ్మ కిడ్నీ, ఆంజనేయులు తలకాయ, నా తెలివి

మా మేనకోడలు ఈమధ్య న్యూరాలజీలో చేరింది. కిడ్నీ మార్చిన రోగులకి తలకాయలో వచ్చే ఇబ్బందుల గురించి తన తోటి డాక్టర్ల కోసం నాలుగు మాటలు రాసి పెట్టమని నా వెంట పడింది. "ఎనభైల్లోనే చూశావుగా మావయ్యా, అప్పట్లో ఎవరికీ తెలియని సంగతులు" అంది. ఆ తెలియనివాళ్ళలో మొదటివాణ్ణి నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే రాయడానికి సుఖంగా ఉంటుంది.

నేను నరసరావుపేటలో జనరల్ ఫిజీషియన్ని. బోర్డు మీద అలా రాయిస్తే, జనరల్ అంటే అన్నిటికీ చూస్తాడని జనం అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అనుకున్నాను. పల్నాడు ఎండల్లో మెడకి టై కట్టుకుని కూర్చునేవాణ్ణి. టై లేకపోతే రోగులు నమ్మరని నా గట్టి నమ్మకం. రోగులు మాత్రం నా టై వంక జాలిగా చూసేవాళ్ళు.

అప్పట్లో కిడ్నీ మార్పిడి అంటే మద్రాసు వైపు వెళ్ళాల్సిందే. ఇంట్లో వాళ్ళెవరో ఒకరు కిడ్నీ ఇస్తే, నెలల తరబడి అక్కడుండి, సంచీ నిండా మాత్రలతో తిరిగొచ్చేవాళ్ళు. శరీరం ఆ కొత్త కిడ్నీని పరాయిదని తోసెయ్యకుండా ఒంట్లోని రక్షణ శక్తిని అణిచిపెట్టే మాత్రలవి. కిడ్నీకి ఏమైనా తేడా వస్తే వాళ్ళు నా గుమ్మం తొక్కేవాళ్ళు కాదు, తిన్నగా మద్రాసు రైలెక్కేవాళ్ళు. మనిషి తిక్కగా మాట్లాడుతున్నా, నిద్రపోకపోయినా, ఉన్నట్టుండి ఏడ్చినా మాత్రం నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. తలకాయ సంగతికి మద్రాసు దాకా ఎందుకులే అనుకునేవాళ్ళేమో. ఆ పదేళ్ళలో అలాంటి రోగులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే వచ్చారు. వాళ్ళలో ఇద్దరి గురించి చెబుతాను. మొదటివాడు నాకు పాఠం చెప్పాడు. ఆ పాఠం పట్టుకుని రెండోవాడి ప్రాణం మీదికి తెచ్చాను.

నన్ను దేవుణ్ణి చేసిన మాస్టారు

మొదటాయన బొల్లాపల్లి వైపు లెక్కల మాస్టారు. కిడ్నీ మార్చుకుని వచ్చి కొన్ని వారాలే అయింది. గదిలోకి అడుగు పెడుతూనే రెండు చేతులూ జోడించారు. "డాక్టరు గారూ, మిమ్మల్ని చూస్తుంటే ధన్వంతరి ప్యాంటూ చొక్కా వేసుకుని కూర్చున్నట్టుందండీ" అన్నారు. నా చెయ్యి చూసి హస్తవాసి గొప్పదన్నారు. నా అక్షరాలు ముత్యాలన్నారు. నా అక్షరాలు మందుల షాపు వాళ్ళకే అర్థం కావు. అయినా మాస్టారు చదువుకున్న మనిషి కదా, ఊరికే అనరు అనుకున్నాను. అలా ఆయన మునగచెట్టు ఎక్కిస్తుంటే నేను కొమ్మ కొమ్మా పట్టుకుని పైకి పోతూనే ఉన్నాను.

వెనక నిలబడ్డ ఆయన భార్య చివరికి నోరు విప్పింది. "పొద్దున బస్సు కండక్టర్ని కూడా ధన్వంతరివేనన్నారండీ. వారం నుంచి కన్ను మూయటల్లేదు. ఊళ్ళో కాలేజీ కట్టిస్తానని కనబడ్డోళ్ళందరికీ ఉద్యోగాలిచ్చేస్తన్నారు. నాకూ ఒకటిచ్చారు, ప్రిన్సిపాలు."

అప్పటికి గాని నాకు కొమ్మ విరగలేదు. ఆయనకి పెడుతున్నది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర. ఎక్కువ డోసులో అది కొందరిని ఆకాశానికి ఎత్తేస్తుంది, కొందరిని పాతాళానికి తొక్కేస్తుంది. ఇది పుస్తకంలో చదివిందే. అయితే పుస్తకంలో రోగి డాక్టర్ని పొగుడుతాడని రాయలేదు. అవమానం దిగమింగుకుని, గంభీరంగా గొంతు సవరించుకుని, "ఆ మాత్ర ఇవాళే ఆపెయ్యండి" అన్నాను.

"అది మాత్రం కుదరదండీ. ఆ మాత్ర దేవుడొచ్చి ఆపమన్నా ఆపొద్దని మద్రాసులో మరీ మరీ చెప్పారు" అంది ఆవిడ.

నేను నిమిషం క్రితమే దేవుణ్ణి కాబట్టి ఆ మాట నాకు నేరుగా తగిలింది. ఆవిడ అడ్డుపడి ఉండకపోతే, ఆ మాత్ర ఒక్కసారిగా ఆపించి ఆయన కిడ్నీని, బహుశా ఆయన్ని కూడా పోగొట్టేవాణ్ణి. ట్రంకు కాల్ చేసి మద్రాసు వాళ్ళని అడిగితే, డోసు మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో, నిద్రకేమివ్వాలో చెప్పారు. మాస్టారు కుదురుకున్నారు. తర్వాత వచ్చినప్పుడు నా వంక అనుమానంగా చూసి, నేను చదివింది ఏ కాలేజీలోనని అడిగారు. పూర్తిగా నయమైందని దాన్నిబట్టే రాసుకున్నాను.

అనుభవమైతే గాని తత్వం బోధపడదంటారు. నాకు మరీ ఎక్కువగా బోధపడింది. ఆ రోజు నుంచి కిడ్నీ మార్చుకున్నవాడు తుమ్మినా స్టెరాయిడే అనేవాణ్ణి.

అక్క నోరు తమ్ముడికి

పిడుగురాళ్ల ఆంజనేయులుది సొంత లారీ. సున్నం బట్టీల నుంచి సరుకెత్తి మద్రాసు దాకా తోలేవాడు. చిన్న వయసులోనే కిడ్నీలు రెండూ పోయాయి. వాళ్ళక్క కోటమ్మ తన కిడ్నీ ఇచ్చింది. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. మొగుడు పోయిన మనిషి, తమ్ముడింట్లోనే ఉంటుంది.

ఆంజనేయులు పరమ నెమ్మదస్తుడు. కోటమ్మ సంగతి వేరు. ఆవిడ నోటికి జడిసి బట్టీల దగ్గర మేస్త్రీలు పక్క సందులోంచి పోయేవాళ్ళని చెప్పుకునేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు గాని, కోటమ్మ విషయంలో ఊరే కాస్త సర్దుకుని మంచిగా ఉండేది. ఆపరేషనయ్యాక తమ్ముడికి నీరసమని నా ఆసుపత్రికి తీసుకొచ్చిన మొదటి రోజే "ఏంది బాబూ, పొద్దుటేల నుంచీ కూకోబెట్టావు. ముందు ఆ మెడకి ఉరితాడు తీసెయ్యి, బుర్రకి నెత్తురెక్కుద్ది" అంది. వరండాలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను ఆ రోజు నుంచి ఆవిడ వస్తుందంటే టై కాస్త వదులు చేసుకునేవాణ్ణి.

ఆపరేషనై ఏడాది దాటింది. ఆంజనేయులు మళ్ళీ లారీ ఎక్కాడు. భార్య తొలికాన్పుకి ముప్పాళ్ళ పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో అక్కాతమ్ముళ్ళే ఉన్నారు. అలాంటి సమయంలో పక్కింటి సుబ్బయ్య వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరు గారూ, ఇది మీ మందులకి తగ్గేది కాదండి" అంటూ మొదలుపెట్టాడు. "మావోడు ఎట్టాంటోడో మీకు తెలుసుగా. లారీ కింద కుక్క పడుకుంటే లేపటానికి మొహమాటపడేవోడు. మొన్న బట్టీ కాడ కాటా వేసేవోణ్ణి కాలరు పట్టుకున్నాడు. కూరలో ఉప్పు లేదని గిన్నె విసిరేశాడు. ఊళ్ళో ఎవుణ్ణైనా సరే కడిగి పారేస్తన్నాడు. అచ్చం కోటమ్మే అనుకోండి. ఒంట్లో ఉంది ఆమె కిడ్నీయేగా, ఊరికే ఉంటదా?"

నేను కోటమ్మ వైపు చూశాను, ఈ మాటకి సుబ్బయ్య పని అయిపోయిందని. ఆవిడ తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట లేదు.

"ఆమె నోరు కట్టేసుకుంది సార్" అన్నాడు సుబ్బయ్య గొంతు తగ్గించి. "కోటప్పకొండ దేవుడికి మొక్కుకుంది. యాడున్నా అది ఆమె కిడ్నీయే గదా. ఇక్కడ ఈమె నోరు మూసుకుంటే అక్కడ అదీ సద్దుమణుగుద్దని. తమ్ముడికి నెమ్మది వచ్చిందాకా పలకనంది."

నేను పగలబడి నవ్వాను. కిడ్నీకి నోరుండదని, కోపం అందులో ఊరదని, ఊరేది ఏమిటో చెప్పి ఇంకా నవ్వాను. స్టెరాయిడ్ మాత్ర మనిషి స్వభావాన్ని ఎలా మారుస్తుందో ఒక ఉపన్యాసం ఇచ్చాను. మాస్టారి కథ కూడా చెప్పాను, నన్ను దేవుడన్న ముక్క వరకూ వదలకుండా. మాత్ర మాత్రం ఆపవద్దని గట్టిగా హెచ్చరించాను. ఆ ఒక్కటీ నేర్చుకున్నానుగా. కోపం తగ్గడానికి ఒక మందు రాసి పంపించాను.

లోపల్లోపల నాకు ఇంకో సంతోషం కూడా ఉంది. కోటమ్మ మాట్లాడకపోవడం వల్ల నా ఆసుపత్రి ప్రశాంతంగా ఉంది. మూఢనమ్మకమని నవ్వాను గాని, దాని ఫలం హాయిగా అనుభవించాను. ఆవిణ్ణి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రెండోసారి వచ్చినప్పుడు మందు కాస్త పెంచాను. మూడోసారి వాళ్ళు వచ్చిన కారణం వేరు. ఆంజనేయులు లారీని తీసుకెళ్ళి సున్నపురాయి గుట్ట మీదికి ఎక్కించాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదృష్టం. "రోడ్లు రెండున్నాయి సార్. నేను కుడిపక్క దాంట్లో పోయా" అన్నాడు మగతగా. అరుపులు, కోపం ఏమీ లేవు. నన్ను పేరు పెట్టి పిలవలేకపోయాడు. నా మందు బాగా పనిచేసిందని ఒక్క క్షణం అనుకున్నాను. నా తెలివి ఆ రోజుల్లో ఆ స్థాయిలో ఉండేది.

ప్రొఫెసరు గారి ప్రశ్న

వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి గుంటూరులో మా ప్రొఫెసరు గారికి ఫోన్ చేశాను. నేను చదువుకునేటప్పుడు నరాల వార్డులో ఆయన దగ్గర పనిచేశాను. చేతికింద పనిచేసిన వాళ్ళందర్నీ ఆయన జీవితాంతం ఒరేయ్ అనే పిలిచేవారు. అంతా విన్నారు.

"ఒరేయ్, ఆపరేషను కొత్తల్లో గుప్పెడు మాత్రలు మింగినప్పుడు రాని పిచ్చి, ఏడాది దాటాక రెండు మాత్రలకి ఎందుకొచ్చిందిరా?"

నేను కేసు కాగితం అటూ ఇటూ తిప్పాను.

"తలనొప్పి ఉందా?"

"చెప్పలేదండీ."

"చెప్పలేదా, అడగలేదా?"

ఎదురుగా బల్ల మీద ఆంజనేయులు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. వాడు ఈ మధ్య వచ్చినప్పుడల్లా లోకం మీద కోపం గురించే మాట్లాడాడు. సుబ్బయ్య కిడ్నీ గురించి మాట్లాడాడు. నేను నా గురించి మాట్లాడాను. వాడితో ఒకే ఇంట్లో ఉంటున్న ఒకే ఒక్క మనిషి నోరు కట్టేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఫోన్ పక్కన పెట్టి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను. "అమ్మా, తమ్ముడికి తలనొప్పి ఉందా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల అడ్డంగా ఊపింది. లేదని కాదు, పలకనని. నేను బతిమాలాను. నీ మాటకీ వాడి కోపానికీ సంబంధం లేదని ఒట్టేసి చెప్పాను. ఉన్నా నష్టం లేదు, ముందు చెప్పమన్నాను. ఆవిడ నా మాట నమ్మలేదు. ఇన్నాళ్ళూ నవ్వినవాడి మాట ఎవరైనా ఎందుకు నమ్ముతారు? అంతలో బల్ల మీంచి ఆంజనేయులు "అక్కా, తల" అని మూలిగాడు.

అంతే, కోటమ్మ మొక్కు అక్కడే తెగిపోయింది. "నెల నుంచీ ఇదే బాబూ! తల పగిలిపోతందక్కా అని నా ఒళ్ళో పెట్టుకుని నొక్కించుకుంటన్నాడు. తడిగుడ్డ బిగించి కట్టమంటన్నాడు. తెల్లారి లేవగానే వాంతులు. ఎలుతురు చూళ్ళేక తలుపులన్నీ మూయిస్తన్నాడు. ఈ నొప్పికే గదా ఆ కోపమంతా! నేను చెప్పలా, నువ్వడగలా. ఇద్దరం కలిసి వీణ్ణి చంపుకుంటన్నాం."

నేను అప్పటికి చాలా పుస్తకాలు చదివాను. నా వృత్తి గురించి అంత సూటిగా ఎవరూ రాయలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

ఒంట్లో రక్షణ శక్తిని మందులతో అణిచినవాడికి మెదడు పొరల్లో ఏ క్రిమైనా చేరవచ్చు. చేరినా పెద్దగా జ్వరం రాదు, మెడ కూడా బిగుసుకుపోదు. అదే స్టెరాయిడ్ వాటిని కప్పెట్టేస్తుంది. తెలుసుకోవాలంటే వెన్నులోంచి నీళ్ళు తీసి చూడాలి. పక్క వీధి కంటి డాక్టరు చేత కళ్ళ లోపల చూపించి, తలలో ఒత్తిడి మరీ పెరగలేదని, సూది వేస్తే ప్రమాదం లేదని అనిపించుకుని, ఆ మాట చెప్పాను. సుబ్బయ్య అడ్డం తిరిగాడు. "వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతయ్యంట గదండీ!"

"ముందు నాకు తియ్యి. ఏమవుద్దో చూస్తా" అంది కోటమ్మ. "కిడ్నీయే కోయించుకున్నదాన్ని, నీళ్ళకి భయపడతానా?"

అలా కుదరదమ్మా అని, ఎలా పడుకుంటారో, ఎక్కడ సూది వేస్తారో చూపించడానికి నేనే బల్ల ఎక్కాను. మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకోవాలని చెబుతూ ముడుచుకోబోయాను. మధ్యలో నా బొజ్జ అడ్డం వచ్చింది. ఎంత ప్రయత్నించినా మోకాళ్ళు సగం దారిలోనే ఆగాయి. సుబ్బయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్విన మనిషి ఇంక వాదించలేడు, ఒప్పుకున్నాడు. నా బొజ్జ వైద్యానికి ఉపయోగపడింది ఆ ఒక్కసారే. కోటమ్మ తమ్ముణ్ణి పక్కకి తిప్పి, తలా మోకాళ్ళూ రెండు చేతులతో కావలించుకుని, సూది తీసేదాకా కదలనివ్వలేదు.

ఆ నీళ్ళలో ఒక నల్ల సిరా చుక్క కలిపి మైక్రోస్కోపులో చూడమన్నారు ప్రొఫెసరు గారు. ఇండియన్ ఇంకు నా ఆసుపత్రిలో ఎక్కడుంటుంది? హైస్కూలు డ్రాయింగు మాస్టారి దగ్గర సీసా తెప్పించాను. నల్లటి ఆకాశంలో గుడి కట్టిన చందమామల్లా గుండ్రటి కణాలు, ఒక్కొక్కదాని చుట్టూ తెల్లటి వలయం. క్రిప్టోకాకస్, అంటే ఒక జాతి బూజు. చూడటానికి చాలా అందంగా ఉంది. అది ఆంజనేయులు మెదడు పొరల మీద పెరుగుతోందని గుర్తొచ్చి కళ్ళు తిప్పుకున్నాను.

మందు పెట్టాలా వద్దా

గుంటూరుకి తీసుకెళ్ళాం. ఆ బూజుకి అప్పట్లో యాంఫోటెరిసిన్ ఒక్కటే గట్టి మందు. దానితో చిక్కేమిటంటే, అది కిడ్నీని దెబ్బతీస్తుంది. మామూలు కిడ్నీలే తట్టుకోలేవు, ఇది అరువు తెచ్చిన ఒక్కగానొక్క కిడ్నీ. మద్రాసు వాళ్ళు ఫోన్లో పెట్టమనే అన్నారు. ఇంట్లోవాళ్ళకి చెప్పే పని ప్రొఫెసరు గారు నాకు అప్పగించారు. "నీ పేషెంటు, నువ్వే చెప్పు" అన్నారు.

నేను కిడ్నీలో వడపోత ఎలా జరుగుతుందో మొదలుపెట్టి చెబుతున్నాను. కోటమ్మ మధ్యలోనే ఆపేసింది.

"మందు పెట్టకపోతే?"

"మనిషి దక్కడమ్మా."

"పెడితే?"

"దక్కొచ్చు. కిడ్నీ పోవచ్చు. పోతే మళ్ళీ రక్తం కడిగే మిషను మీద పెట్టాలి. అది ఇక్కడ లేదు."

"నా కిడ్నీ పోద్దని నన్నడగటానికొచ్చావా? ఇచ్చాక ఇంక నాదేంది బాబూ? వాడు నన్ను మునపట్లా అక్కా అంటే చాలు. పెట్టు."

మందు గుంటూరులో దొరకలేదు. ఆంజనేయులు తోటి లారీ డ్రైవర్లు సున్నం దించి వస్తూ మద్రాసు నుంచి ఐసు నింపిన ఫ్లాస్కుల్లో పెట్టుకుని తెచ్చారు. వెలుతురు తగలకుండా సీసాకి నల్లకాగితం చుట్టి గంటల తరబడి బొట్టు బొట్టుగా ఎక్కించేవాళ్ళం. ఎక్కించిన ప్రతిసారీ మంచం అదిరిపోయేలా చలి పుట్టేది. కోటమ్మ తమ్ముడి కాళ్ళ మీద పడుకుని పట్టుకునేది. ఎలాగూ మొక్కు తెగిపోయింది కదా, వార్డులో నర్సు దగ్గర నుంచి మా దాకా ఎవర్నీ వదలకుండా తిట్టేది. రక్తపరీక్షలో కిడ్నీ లెక్కలు రోజురోజుకీ చెడ్డగా వచ్చేవి. మేం డోసు తగ్గించి, ఆపి, మళ్ళీ పెట్టి, తాడు మీద నడిచేవాళ్ళలా నడిచాం. నడిచింది ప్రొఫెసరు గారు. నేను కింద నిలబడి కంగారు పడ్డాను.

అలా ఎన్నో వారాలు గడిచాయి. ఒకరోజు కొత్త నర్సమ్మ గుచ్చిన సూది నరం తప్పింది. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ తప్పింది. ఆంజనేయులు కళ్ళు తెరిచి చూసి, "పర్లేదమ్మా, కంగారు పడబాకండి. ఈ చెయ్యి చూడండి" అన్నాడు.

కోటమ్మ నా చొక్కా పట్టుకుని గుంజింది. "ఇన్నావా? ఇన్నావా బాబూ? వచ్చేశాడు. నా తమ్ముడొచ్చేశాడు!" అని వార్డంతా వినబడేలా ఏడ్చింది. ఏ పరీక్ష కాగితమూ నాకు అంతకంటే గట్టిగా చెప్పలేదు. మీకు నేను చెప్పగలిగిన సలహా కూడా ఇదే. రోగి జబ్బుకి ముందు ఎలాంటి మనిషో తెలిసినవాళ్ళని వెతికి పట్టుకోండి. వాళ్ళు మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడటం లేదో కనుక్కోండి.

కిడ్నీ పూర్తిగా కోలుకోలేదు గాని, పని మానలేదు. లారీ తోలడం మాన్పించాం.

పిడుగురాళ్లలో నా పరువు

ఇంటికి పంపే ముందు ప్రొఫెసరు గారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ బూజు పావురాల రెట్టల్లో పెరుగుతుందిరా. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే ఇలాంటివాడికి చాలు. వాళ్ళతో వెళ్ళి ఇల్లు చూసిరా" అన్నారు.

వాళ్ళది నాపరాళ్ళు పరిచిన ఇల్లు. వసారాలో ఆంజనేయులు మంచం, మంచానికి పైన గోడ పొడుగునా చెక్కపెట్టెలు, పెట్టెల నిండా పావురాలు. గోడంతా తెల్లటి చారలు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కోటమ్మ మాత్రం గర్వంగా చూపించింది.

"ఆపరేషనయ్యాక కాళ్ళల్లో సత్తవ లేక వీడు లారీ ఎక్కలేకపోతే, బలమైన తిండి పెట్టమని నువ్వే గదా చెప్పావు? నరాలకి పావురాయి కూరని మించింది ఏముంది? కొనుక్కొచ్చి పెంచా. పొద్దున్నే నేనే ఊడుస్తా, ఇంకోళ్ళని చెయ్యి పెట్టనియ్యను."

పొద్దున్నే ఊడుస్తుంటే ఆ దుమ్మంతా కింద పడుకున్నవాడి మీదే పడుతుంది. బలమైన తిండి అంటే నా ఉద్దేశం గుడ్డు, పప్పు. పల్నాడులో పుట్టి పెరిగినవాణ్ణి, పక్షవాతం వచ్చినవాళ్ళకి పావురాయి కూర పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి, బలమైన తిండి అంటే ఇక్కడివాళ్ళకి ఏం తోస్తుందో నాకు తోచలేదు.

ఆంజనేయుల్ని బయటికి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. వాడు వెనక్కి తిరిగి ఆ పెట్టెల వైపు చూశాడు.

"అయితే ఈటి వల్లే వచ్చిందా సార్?"

"వచ్చి ఉండొచ్చు. ఆ బూజు మట్టిలోనూ ఉంటుంది, నువ్వు తిరగని చోటు లేదు. కచ్చితంగా చెప్పలేం. పావురాలు మాత్రం ఇవాళే పోవాలి. మీ అక్కకి వివరంగా చెబుతాను పద."

"వద్దు సార్!" అని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "కిడ్నీ ఇచ్చిన మడిసి. తన చేత్తోనే నాకీ జబ్బు తెచ్చిపెట్టానని తెలిస్తే తట్టుకోలేదు. మళ్ళీ నోరు కట్టేసుకుంటది. ఈసారి ఇంక ఇప్పదు."

రోగికి నిజం చెప్పడం డాక్టరు ధర్మమని నేను నోరు తెరిచాను. ఏది నిజం? నేను నిరూపించలేని అనుమానం ఒకటి. దాన్ని మోసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టి, నా బాధ్యత తీరిందని చేతులు దులుపుకోవాలి. నోరు మూసుకున్నాను. నా వృత్తిలో సమయానికి నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ.

ఆంజనేయులు లోపలికెళ్ళాడు. పచ్చి అబద్ధం ఆడటం వాడికి అదే మొదటిసారి అనుకుంటాను, చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, డాక్టరు గారికి పావురాలంటే చచ్చేంత భయమంట. ఇవి ఇంట్లో ఉంటే నన్ను చూడ్డానికి ఇంకెప్పుడూ రానంటన్నాడు."

కోటమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏంది బాబూ! మడుసుల ఎన్నులో సూదులు గుచ్చుతావు, పిట్టలకి భయమా?"

నేను తల ఊపాను. అప్పుడే ఒక పావురం రెక్కలు టపటపలాడించింది. వాడి అబద్ధానికి సాయంగా ఉంటుందని ఎగిరి గుమ్మం బయటికి గెంతాను. నా ఒంటితో గెంతడం చూసి కోటమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రమే పావురాలూ పెట్టెలూ ఊరి బయటికి పోయాయి. తమ్ముణ్ణి లోపలి గదిలోకి పంపించి, వసారా అంతా తడిపి కడిగించాం.

కోటమ్మ నోటికి చిక్కిన కబురు ఊళ్ళో నిలుస్తుందా? బట్టీల దగ్గర, లారీ ఆఫీసులో, బస్టాండులో అందరికీ తెలిసిపోయింది, నరసరావుపేట డాక్టరుకి పావురాలంటే భయమని. అక్కడి నుంచి వచ్చే రోగులు నా కిటికీ మీద పిట్ట వాలితే లేచి "హుష్" అని తోలి, నా వంక చూసి ధైర్యం చెబుతున్నట్టు తల ఊపేవాళ్ళు. టై కట్టుకుని ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న గాంభీర్యం అంతా అలా పోయింది. నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. కోటమ్మ ఇప్పుడు లేదు, అందుకే ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

ఆంజనేయులు కూతురి అన్నప్రాశనకి నన్ను పిలిచారు. రిక్షా దిగేసరికి చూరు మీద ఎక్కడిదో ఒక పావురం వాలి ఉంది. కోటమ్మ బంధువులందర్నీ పక్కకి నెట్టుకుంటూ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దాన్ని తోలేసి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"భయపడబాక బాబూ, నేనున్నాగా. నా ఎనకాలే రా" అంది.

నేను భయపడుతున్నవాడిలాగే ఆవిడ వెనకాల నక్కి నక్కి లోపలికి నడిచాను.